పాత ట్రాక్టర్ గొర్రుతో కట్టెల స్టాండు: విప్పడం నుంచి పేర్చేదాకా

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక పల్లెల్లో చాలా వంటిళ్లకు గ్యాసు చేరింది. అయినా కట్టెల అవసరం తీరిపోలేదు. పొద్దున్నే నీళ్ల పొయ్యి వెలిగించాలి, బర్రెలకు కుడితి కాచాలి, సంక్రాంతికి అరిసెలు వండాలి, ఇంట్లో పెళ్లయితే గాడిపొయ్యి తవ్వాలి. వీటన్నిటికీ కట్టెలే కావాలి. ఆ కట్టెలేమో గోడ వారన నేల మీద కుప్పగా పడి, పైన చిరిగిన బరకం కప్పుకుని ఉంటాయి. అడుగు వరస చెదలపాలవుతుంది. నడుమ ఉన్నవి బూజు పడతాయి. మిగిలినవి పొయ్యిలో పెడితే మంట కన్నా పొగే ఎక్కువ.

అదే ఇంటి పశువుల కొట్టం వెనక పళ్లు విరిగిన ట్రాక్టర్ గొర్రు, బోరులోంచి లాగిపడేసిన జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు), నేల దున్ని అరిగిపోయిన గుండ్రటి ఉక్కు డిస్కులు, పాత ట్రాలీ డోర్లు తుప్పు పడుతూ ఉంటాయి. కట్టెలకు కావలసిన స్టాండు ఆ కుప్పలోనే ఉంది. దాన్ని ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చెబుతాను. ముందుగా ఒక మాట. మన మనసులో ఉన్న స్టాండు కోసం సామాను ముక్కలు ముక్కలుగా కోయకండి. సామాను ఏ ఆకారంలో ఉందో చూసి, దాంట్లోంచే స్టాండు తీయాలి. కోత తగ్గేకొద్దీ వెల్డింగు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ఏవి పనికొస్తాయి, ఏవి పనికిరావు

అన్నిటికన్నా ముఖ్యమైనది తొమ్మిది పళ్ల గొర్రు, అదే కల్టివేటర్. దాని ఫ్రేము సుమారు ఏడు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. కంపెనీని బట్టి కొలతలు మారతాయి కాబట్టి మీది టేపు పెట్టి కొలుచుకోండి. ఈ కొలత కట్టెల కోసమే చేసినట్టు కుదురుతుంది. పొయ్యికి వాడే కట్టె ఒకటిన్నర నుంచి రెండడుగుల పొడవు ఉంటుంది, కాబట్టి అడ్డంగా ఒకే వరసలో సరిపోతుంది. గట్టి నేలను చీల్చే ఒత్తిడిని తట్టుకున్న ఫ్రేము కాబట్టి బరువు విషయంలో సందేహం అక్కర్లేదు.

లెక్క మాత్రం తెలిసి ఉండాలి. ఏడు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అంటే 56 ఘనపుటడుగులు. తుమ్మ లాంటి గట్టి కట్టె ఎండినదైనా ఆ జాగాలో 800 కిలోల దాకా పడుతుంది. పచ్చిదైతే టన్ను దాటుతుంది. రెండు ఇటుకల మీద నిలబెట్టే వ్యవహారం కాదిది.

ఫ్రేము కాకుండా ఇవి కావాలి: రెండంగుళాల జీఐ పైపు ముక్కలు, ఒకటిన్నర అంగుళాల జీఐ పైపులు, ఆరు పాత డిస్కులు, కప్పుకు ట్రాలీ డోర్ల రేకు గానీ మామూలు ఇనుప రేకు గానీ, బోల్టులు.

కొన్నింటి జోలికి అసలు పోకూడదు. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్ ట్యాంకులు, మందు డ్రమ్ములు, మందు కలిపిన విత్తనాలు పోసిన గొర్రు పెట్టెలు ఎంత కడిగినా వద్దు. వాటిని ఆనుకుని ఉన్న కట్టె రేపు పొయ్యిలో కాలుతుంది, ఆ పొగ పీల్చేది ఇంట్లో ఆడవాళ్లు. డీజిలు ట్యాంకు, ఆయిల్ డ్రమ్ము ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. గ్రైండరు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఎడ్లబండి చెక్క సామాను కూడా దీనికి వద్దు. నొగలు, కాడి నేలకు తగిలేలా పెడితే కట్టెల కన్నా ముందు వాటికే చెదలు పడతాయి. పైగా చెక్కడం పనితనం ఉన్న పాత బండికి ఇప్పుడు గిరాకీ ఉంది, రిసార్టుల వాళ్లు వెతికి మరీ కొంటున్నారు.

ఇంకొక సంగతి. గొర్రు ఇంకా దున్నే స్థితిలో ఉంటే కోయకండి, సెకండ్ హ్యాండులో అమ్ముకుంటే ఎక్కువ వస్తుంది. అన్నదమ్ముల ఉమ్మడి సామాను అయితే గ్రైండరు ఆన్ చేసేముందు ఒక ఫోను చేయండి. పదేళ్లు ఎవరికీ గుర్తురాని తుప్పు ముక్క కోయగానే అందరికీ గుర్తొస్తుంది.

గొర్రు విప్పడం

పనంతటిలో ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇక్కడే, అందుకే తొందర వద్దు. స్ప్రింగు గొర్రులో పన్ను రాయికి తగిలినప్పుడు వెనక్కి వంగి మళ్లీ యథాస్థానానికి రావడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి. మూలన పడి ఎన్నేళ్లయినా వాటిలో టెన్షన్ అలాగే ఉంటుంది. బోల్టు తుప్పుతో బిగుసుకుపోయిందని గ్రైండరుతో ఒక్కసారిగా కోస్తే స్ప్రింగు ఎగిరి ముఖానికి కొడుతుంది.

ముందు రోజు సాయంత్రమే ప్రతి నట్టుకూ డీజిలు గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టి వదిలేయండి. మర్నాడు గొర్రును దిమ్మెల మీద ఎత్తి, పళ్లు నేలకు తగలకుండా పెట్టండి. స్ప్రింగు నట్టును కొద్దికొద్దిగా వదులు చేయాలి. స్ప్రింగు చుట్ల మధ్య సందు తగ్గి, చేత్తో పట్టుకుంటే అటూ ఇటూ కదిలిందంటే టెన్షన్ పోయినట్టు. అప్పుడే బోల్టు పూర్తిగా తీయండి. స్ప్రింగు లాగే దిశకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. నట్టు అసలు కదలకపోతే గొలుసుతో స్ప్రింగును ఫ్రేముకు కట్టేసి, వెల్డింగు షాపు అతనికి అప్పజెప్పడం మేలు. స్ప్రింగులు లేని రకం గొర్రు అయితే ఈ బాధ ఉండదు, బోల్టులు తీస్తే పళ్లు వచ్చేస్తాయి.

పళ్లు తీశాక ఫ్రేము ముందు భాగంలో ట్రాక్టరుకు తగిలించే మూడు పాయింట్లు మిగులుతాయి. కింద రెండు పిన్నులు, పైన త్రికోణంలా నిలబడిన పట్టీలు. చాలామంది అడ్డమని వీటిని కోసేస్తారు. దయచేసి కోయకండి. నడిమధ్యలో నిలబడిన ఆ త్రికోణం స్టాండును రెండు గదులుగా విడదీస్తుంది. ఒక గదిలో ఎండిన కట్టె, ఇంకో గదిలో ఎండుతున్న కట్టె పెట్టుకోవచ్చు. పైగా స్టాండు ఖాళీ అయినప్పుడు ట్రాక్టరు వెనక్కి తెచ్చి, మూడు పిన్నులు తగిలించి, హైడ్రాలిక్‌తో లేపి ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చు. కట్టెలతో నిండి ఉన్నప్పుడు మాత్రం లేపకండి. లిఫ్టు మోసినా పేర్పు కూలుతుంది.

కాళ్లు, పాదాలు

రెండంగుళాల పైపును 14 అంగుళాల ముక్కలుగా ఆరు కోయండి. నాలుగు మూలలకు నాలుగు, పొడవు మధ్యలో రెండు. ఫ్రేము నేలకు అడుగుకు పైగా ఎత్తులో ఉండాలన్నది లెక్క. ఆ ఎత్తు వల్ల గాలి కిందనుంచి ఆడుతుంది, చీపురు దూరుతుంది, అన్నిటికీ మించి వంగి చూస్తే కింద ఏముందో కనిపిస్తుంది. అరడుగు ఎత్తు పెడితే అది పాములకు కట్టించిన ఇల్లవుతుంది.

పైపు చివర నేరుగా నేల మీద ఆనితే ఎర్రనేలలో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, నల్లరేగడిలో మొదటి వానకే దిగబడుతుంది. అదీ ఆరు కాళ్లూ సమంగా దిగవు, స్టాండు ఒక పక్కకు ఒరుగుతుంది. ఇక్కడే డిస్కులు అక్కరకొస్తాయి. 18 అంగుళాల డిస్కును బోర్లా వేసి, ఉబ్బు పైకి ఉండేలా పెట్టి, దాని నడుమ ఉన్న చదరపు రంధ్రంలోంచి బోల్టు వేసి కాలికి బిగించాలి. పైపు అడుగున చిన్న పట్టీ ముక్క వెల్డు చేసి, దానికి నట్టు అతికిస్తే బోల్టు పట్టుకుంటుంది. రంధ్రం పెద్దది కాబట్టి వెడల్పాటి వాషరు తప్పనిసరి. బరువంతా డిస్కు వెడల్పు మీద పరుచుకుంటుంది.

డిస్కును పైపుకు నేరుగా వెల్డు చేయొద్దు. అది గట్టిపరిచిన ఉక్కు, వెల్డు పక్కనే పగులుతుంది. ట్రాలీ కమాను పట్టీలకూ, రొటావేటర్ బ్లేడ్లకూ ఇదే సూత్రం. వాటికి బోల్టు వేయాలి తప్ప వెల్డింగు రాడ్ పెట్టకూడదు. అరిగిన డిస్కు అంచు కత్తిలా ఉంటుంది, గ్రైండరుతో మొద్దు చేసి రెండంగుళాలు మట్టిలోకి దిగేలా పెట్టండి. ఇంటి ముందు పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు.

డిస్కును వెల్లకిలా పెట్టి నీళ్లు పోస్తే చీమలు ఎక్కవని కొందరు చెబుతారు. చీమల సంగతేమో గానీ దోమలు మాత్రం ఖాయం. బోర్లాగానే ఉంచండి.

జీఐ పైపు వెల్డింగు జాగ్రత్త

బోరు పైపు మీద జింకు పూత ఉంటుంది. దాని మీదే రాడ్ పెడితే తెల్లటి పొగ లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. వెల్డు పడే చోట చుట్టూ రెండు మూడంగుళాలు పూతను గ్రైండరుతో గీకేసి లోపలి ఇనుము కనిపించాక మొదలుపెట్టాలి. పని ఆరుబయట, గాలికి వీపు పెట్టి చేయాలి. మాస్కు కట్టుకోమంటే చాలామంది మేస్త్రీలు నవ్వుతారు. "మాకు అలవాటేలే అన్నా" అంటారు. అలవాటు ఊపిరితిత్తులకు ఉండదు, మాస్కు మీరే కొని చేతిలో పెట్టండి.

కోతలన్నీ ముందే కొలిచి, సుద్దముక్కతో గీతలు పెట్టి, ఏ ముక్క ఎక్కడో నంబరు వేసి ఉంచితే వెల్డింగు ఒక్క రోజులో అయిపోతుంది. మిషను అద్దెకు తెచ్చి పక్కన పెట్టుకుని అప్పుడు టేపు కోసం వెతికితే డబ్బు దండగ.

అడుగు పరుపు, నిట్రాళ్లు

ఫ్రేము ఖాళీల మీద పైపు ముక్కలు అడ్డంగా, ఆరేడు అంగుళాలకొకటి చొప్పున వేయండి. పూర్తిగా రేకు పరవాలని అనిపిస్తుంది, పరవకండి. కిందనుంచి గాలి ఆడకపోతే నేల మీద కుప్ప పోసినదానికీ దీనికీ తేడా ఏముంది?

మూలల్లో నిట్రాళ్లకు సాకెట్లు పెట్టే పద్ధతి చాలా సుఖం. రెండంగుళాల పైపును ఎనిమిదంగుళాల ముక్కలుగా కోసి నాలుగు మూలలా నిలువుగా వెల్డు చేయండి. ఒకటిన్నర అంగుళాల పైపు అందులోకి కొంచెం వదులుగా దిగుతుంది. రెండిటికీ కలిపి అడ్డంగా రంధ్రం వేసి ఒక బోల్టు బిగిస్తే కదలదు. కావాలంటే విప్పుకోవచ్చు, వంగితే ఆ ఒక్క పైపు మార్చుకోవచ్చు.

కప్పుకు వాలు కావాలి కాబట్టి రెండు నిట్రాళ్లు ఐదడుగులు, రెండు నాలుగున్నర అడుగుల ఎత్తు పెట్టండి. పొట్టివి వాన కొట్టే వైపు ఉండాలి. పేర్చిన కట్టెలు రెండు కొసలవైపూ తోస్తుంటాయి, ఖాళీగా ఉన్నప్పుడు నిటారుగా కనిపించిన నిట్రాళ్లు సగం నిండేసరికి బయటికి వాలతాయి. అందుకని రెండు పనులు చేయాలి. ఒక్కో కొసన ఉన్న రెండు నిట్రాళ్లనూ నిచ్చెనలా రెండు అడ్డ పైపులతో కలపాలి. పైన ఈ కొస నుంచి ఆ కొసకు ఏడడుగుల పైపులు రెండు వేసి బోల్టు చేయాలి. ఈ పై పైపులే రెండు కొసలనూ లోపలికి పట్టి ఉంచుతాయి, కప్పునూ మోస్తాయి.

ఎత్తు ఇంకా పెంచాలనే ఆశ వద్దు. పేర్పు ఎత్తు వెడల్పుకు మూడింతలు దాటితే నిలకడ ఉండదు. పైగా రోజూ కట్టె తీసేది ఇంట్లో పెద్దావిడ అయితే తల మీదుగా చేతులెత్తి లాగడం కష్టం. నాలుగడుగుల పేర్పు చాలు.

కప్పు రేకు నాలుగు వైపులా అడుగు బయటికి రావాలి. పేర్పుకూ కప్పుకూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉంచండి, కట్టెలోంచి లేచే తేమ బయటికి పోయే దారి అదే. పాత సిమెంటు రేకులు ఇంట్లో పడి ఉన్నా వాటిని కోయకండి, ఆ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది.

రంగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇనుప బ్రష్‌తో తుప్పు రాల్చి, గ్రీజు మరకలుంటే సర్ఫు నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఒక పూత రెడాక్సైడు, రెండు పూతలు ఎనామిల్ వేస్తే సరి. గీకిన వెల్డు చోట్ల మాత్రం రెడాక్సైడు రెండుసార్లు పూయండి, ముందు తుప్పు పట్టేది అక్కడే.

ఎక్కడ, ఏ దిక్కుకు

పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. అప్పుడు ఒక ముఖం తూర్పుకూ, ఇంకో ముఖం పడమరకూ ఉంటాయి. పొద్దుటి ఎండ ఒకవైపు, సాయంత్రం ఎండ ఒకవైపు తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి నుంచి వీచే వడగాలి మనుషులను వేధిస్తుంది గానీ కట్టె కొసల్లోంచి తేమ లాగడానికి దాన్ని మించింది లేదు. నైరుతి వానలూ ఎక్కువగా ఆ దిక్కు నుంచే కొడతాయి కాబట్టి పొట్టి నిట్రాళ్లు పడమటికి పెడితే కప్పు వాలు అటే ఉంటుంది. కోస్తా జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, అప్పుడు వాన ఈశాన్యం నుంచి కొడుతుంది. ఆ నెలల్లో తూర్పు ముఖానికి బరకం వేలాడదీయండి. అడుగున ఒక అడుగు మాత్రం తెరిచి ఉంచాలి. గాలివాన హెచ్చరిక వస్తే కప్పును ఫ్రేముకు తాడుతో కట్టండి.

గడ్డివాముకు దూరంగా పెట్టమని వేరే చెప్పక్కర్లేదు. ఇంటి గోడకు ఆనించొద్దు, మనిషి తిరిగేంత సందు వదలండి. కింద గడ్డి గీకేసి పలచగా కంకర పోస్తే మొక్క మొలవదు, చెదల మట్టిగూళ్లు కాళ్ల మీద ఎక్కుతుంటే ఇట్టే కనిపిస్తాయి. వారానికోసారి ఆ కాళ్లను చూసి, మట్టి గీత కనిపిస్తే చీపురుతో కొట్టేస్తే చాలు, మందు అక్కర్లేదు.

పేర్చడం, ఎండబెట్టడం

సంక్రాంతి అయ్యాక కొట్టిన కట్టె రోహిణి కార్తె ఎండలు తిని, మృగశిర నాటికి పొయ్యికి సిద్ధంగా ఉండాలి. అలా కావాలంటే కట్టెను చీల్చి పేర్చాలి. బెరడుతో ఉన్న గుండ్రటి దుంగలో తేమ బయటికి రావడానికి దారి రెండు కొసలే. మూడు నాలుగంగుళాల మందానికి చీలిస్తే ఎన్నో రెట్లు తొందరగా ఆరుతుంది. సర్కారు తుమ్మ చీల్చేటప్పుడు ముళ్లు ఏరేయండి, ఎండినా వాటి పదును తగ్గదు.

పేర్చేటప్పుడు మందంగా ఉన్నవి అడుగున, సన్నవి పైన. మరీ బిగించి గోడ కట్టినట్టు పేర్చితే చూడ్డానికి బాగుంటుంది, ఎండడం మాత్రం ఆలస్యమవుతుంది. పై వరసలో బెరడు పైకి ఉండేలా పెడితే కప్పు దాటి వచ్చిన జల్లు జారిపోతుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి తూకం కన్నా నమ్మకమైన పద్ధతి లేదు. పచ్చి కట్టె పేర్చిన రోజే ఒక ముక్కకు ఎర్ర రంగు పూసి, వంటింటి కాటా మీద తూచి, ఆ అంకె ముక్క మీదే రాయండి. దాన్ని పేర్పు మధ్యలో, చేతికందే చోట పెట్టి వారానికోసారి తూచండి. కిలో ఉన్న ముక్కలో నలభై శాతం నీరు ఉందనుకుంటే, ఇరవై శాతం తేమకు దిగేసరికి దాని బరువు 750 గ్రాములవుతుంది. మొదట్లో గబగబా తగ్గి, తర్వాత నిదానించి, రెండు మూడు వారాలు ఒకే అంకె చూపిస్తే ఇక వాడుకోవచ్చు. కాటా లేకపోతే కొసల్లో పగుళ్లు చూడండి, రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి వినండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పచ్చి కట్టె కాల్చితే దాని వేడిలో చాలా భాగం లోపలి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒకే కాగు నీళ్లు కాగడానికి పచ్చివి ఎన్ని మింగుతాయో, ఎండినవి ఎన్ని మింగుతాయో ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

తుమ్మ, సర్కారు తుమ్మ ముక్కల్లో చేవ లేని పై భాగానికి పుచ్చు పట్టి సన్నటి పొడి రాలుతుంది. పొడి కనిపించిన ముక్కలు ముందు కాల్చేయండి. పత్తి కట్టె విషయంలో ఇంకొంచెం గట్టిగా ఉండాలి. ఎండిన కాయల్లో, కట్టెలో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంటకు చేరుతుంది. కాబట్టి పత్తి కట్టెను స్టాండులో నిల్వ పెట్టకండి, తెచ్చుకున్నా తర్వాతి పత్తి విత్తే లోపు పొయ్యిలో అయిపోవాలి. కంది కట్టెతో ఆ బెడద లేదు. మోపులు కట్టి పైవరసలో పెట్టుకుంటే మంట రాజేయడానికి బాగా పనికొస్తుంది.

కట్టె తీసేటప్పుడు పైనుంచి తీయాలి, నడుమ నుంచి లాగకూడదు. చేయి పెట్టేముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టండి, చీకటి పడితే టార్చి లేకుండా వెళ్లకండి. ఎలుకల కోసం కట్లపాము, రక్తపింజరి వస్తాయి, తేళ్లు సరేసరి. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రం ఇవేవీ వద్దు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదపకుండా ఉంచి 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

దమ్ము చక్రం మిగిలితే

వరి పొలాల వాళ్ల దగ్గర పాత దమ్ము చక్రాలు, అదే కేజ్ వీల్స్, ఒకటి రెండు పడి ఉంటాయి. ఒకటి తీసుకుని నీళ్ల పొయ్యి పక్కన నిలబెడితే రెండు మూడు రోజుల కట్టె పట్టే గుండ్రటి గూడు అవుతుంది. కట్టెలు చక్రం వెడల్పు వెంబడి లోపల పేర్చుకోవాలి, చుట్టూ ఉన్న అడ్డ యాంగిళ్ల సందుల్లోంచి గాలి ఆడుతుంది. నడుమ ప్లేటు ఒక పక్కకు ఉన్న చక్రమైతే అది వెనక గోడలా ఆగుతుంది. ప్లేటు సరిగ్గా మధ్యలో ఉంటే రెండు వైపుల నుంచీ పొట్టి ముక్కలు పెట్టుకోవాల్సిందే. దొర్లకుండా చక్రం కింద గొర్రులోంచి తీసిన రెండు పళ్లను ఎదురెదురుగా పెట్టి, చక్రపు యాంగిళ్లకు బోల్టు చేయండి. వాటి వంపు గుండ్రానికి ఆనుకుంటుంది. మిగిలిన ఏడు పళ్లను పాత సామాను కొట్టుకు వేస్తే రంగు డబ్బాల ఖర్చులో కొంతైనా తిరిగొస్తుంది.